అమృతాంజనమూ, అమెరికా మాత్రలూ

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆరంభించిన అమృతాంజనం నేటికీ అమెరికాలోని మన ఇళ్లలో కనబడుతుంది. దానిని చూసి నవ్వేవారితో రసాయన శాస్త్రజ్ఞునిగా నేను ఏకీభవించను. అందులోని మెంథాల్ చర్మంలోని శీతల గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. ఆ చల్లదనం నొప్పిని కొంత మరపిస్తుంది. (ఘాటు మాత్రం భరించాలి!) నా భయమంతా మాత్రలను గురించే. ఒక్క ఎక్సెడ్రిన్ మాత్రలో ఆస్పిరిన్ 250, ఎసిటమినోఫెన్ 250, కెఫీన్ 65 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇటువంటి మిశ్రమాలను నెలకు 10 రోజులు, అంతకు మించి, 3 మాసాలకు పైగా వాడితే ఆ మందే తలనొప్పికి కారణం కావచ్చు. పైగా మనకు కాఫీ కూడానాయె! నొప్పి వచ్చిన రోజులను, మింగిన మాత్రలను ఒక నెలపాటు క్యాలెండరుపై గుర్తించి వైద్యునికి చూపండి. హఠాత్తుగా, మునుపెన్నడూ ఎరుగనంత తీవ్రంగా వస్తే మాత్రం అంజనమూ వద్దు, మాత్రా వద్దు; వెంటనే 911కు ఫోన్ చేయండి.