చరిత్రకు న్యాయవాది తీర్పు

చరిత్రకారునికీ న్యాయవాదికీ సాక్ష్యమే ఆధారం. ఈ రెండు వృత్తులలోనూ రాణించినవాడు ఎడ్వర్డ్ క్రీసీ. 1812లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో జన్మించిన ఆయన 1837లో న్యాయవాది అయ్యాడు. 1840లో లండన్ యూనివర్సిటీ కళాశాలలో చరిత్రాచార్యుడుగా నియమితుడయ్యాడు. ప్రపంచ గతిని నిర్ణయించిన పదిహేను యుద్ధాలపై 1851లో ఆయన వెలువరించిన గ్రంథం విశేష ఖ్యాతి గడించింది. 1860లో సింహళానికి ప్రధాన న్యాయమూర్తిగా వెళ్ళాడు. 1872లో బ్రిటిష్ సామ్రాజ్య, వలస రాజ్యాంగాలపై మరొక గ్రంథం రచించాడు. 1878లో మరణించాడు.

యుద్ధ ప్రాముఖ్యాన్ని హతుల సంఖ్యతో కాక, అనంతర చరిత్రపై దాని ప్రభావంతో కొలవాలన్నది క్రీసీ సూత్రం. వీరగాథకూ చరిత్రకూ గల భేదాన్ని తెలిపే ఈ సూత్రం శ్లాఘనీయం. అయితే దానిని ఆయన అన్ని దేశాలకూ సమంగా వర్తింపజేయలేదు. మారథాన్‌తో మొదలై వాటర్లూతో ముగిసే ఆ పట్టికలో భారతభూమిపై జరిగిన యుద్ధం ఒక్కటీ లేదు. 1526 నాటి పానిపట్టు యుద్ధం మొగలు సామ్రాజ్యానికి పునాది వేసింది. 1757 నాటి ప్లాసీలో కంపెనీ పక్షాన హతులు స్వల్పమే. ఫలితం మాత్రం అపారం. బెంగాలుపై కంపెనీ ఆధిపత్యానికి అదే నాంది. ప్రభావమే కొలబద్ద అయినప్పుడు ఈ యుద్ధాలను విస్మరించడం న్యాయమా?

ఇరుపక్షాల వాదన వినని తీర్పు న్యాయస్థానంలో నిలువదు, చరిత్రలోనూ నిలువరాదు. అందుకని క్రీసీని త్రోసిపుచ్చనక్కరలేదు. ఆయన కొలబద్దతోనే ఆయన పట్టికను పరీక్షించాలి. ఏ చరిత్ర గ్రంథాన్ని చదివినా అందులో ఏమున్నదో గ్రహించడంతోపాటు, ఏది లేదో, ఎందుకు లేదో ప్రశ్నించడం విద్యార్థి ధర్మం.