చెవి దగ్గరి మనుషులు

ఇబ్రహీంపట్నం ఊరి పేరూ, పెద్దచెరువూ గోల్కొండ నాలుగో సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలానివి. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఆయన్ని తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అన్నకు జడిసి గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల నీడన తలదాచుకున్నవాడు. ఎవరి మాట ఎంతవరకు నమ్మాలన్న ఎరుక అలాంటివాడికి కొంతైనా అబ్బి ఉండాలి. అయినా, తనను రాజును చేయడానికి పాటుపడ్డ జగదేవరావుతోనే ఆ తర్వాత చెడింది. గద్దెనెక్కించినవాడూ, గద్దె మీద ఉన్నప్పుడు మంచి చెప్పేవాడూ ఒకరే కావాలని లేదు. ఎన్నికల్లో గెలిచిన ప్రతి నాయకుడికీ మర్నాటి నుంచే ఎదురయ్యే చిక్కు ఇదే.

బైబిలు పాత నిబంధన ఈ చిక్కును చాలాచోట్ల తడిమింది. మొదటి రాజుల గ్రంథం పన్నెండో అధ్యాయంలోని రెహబాము కథ అన్నింటికన్నా సూటిగా ఉంటుంది. సొలొమోను పోయాక కొడుకు పట్టాభిషేకానికి షెకెము వెళ్లాడు. మీ నాన్న మోపిన బరువు కొంచెం దించు, నీకు కట్టుబడి ఉంటామన్నారు జనం. మూడు రోజులు గడువడిగాడు రెహబాము. తండ్రి కొలువులో పనిచేసిన పెద్దలు జనానికి మంచిమాట చెప్పమన్నారు. తనతోపాటు పెరిగిన కుర్రాళ్లు ఇంకా గట్టిగా బిగించమన్నారు. రాజు రెండో మాటే పట్టుకున్నాడు. ఇశ్రాయేలీయుల్లో పది గోత్రాలు విడిపోయాయి. విచిత్రమేమంటే, అలిగిన జనం దగ్గరికి రాజు పంపింది వెట్టిపనుల మీద అధికారినే. అతణ్ని రాళ్లతో కొట్టి చంపారు. రాజు రథమెక్కి యెరూషలేముకు పరుగుతీశాడు.

పెద్దల మాట వినని కుర్రకారు కథగా దీన్ని చెబుతుంటారు. అంత తేలిగ్గా తేల్చడం సరికాదనిపిస్తుంది. నెరిసిన తల ఉన్నంత మాత్రాన సలహా మంచిదైపోదు. జనం మోయలేక మొత్తుకున్న ఆ బరువు పెరిగింది ఈ పెద్దలు కొలువులో ఉన్నప్పుడే కదా! గమనించాల్సింది వరుస. పెద్దల సలహాను రాజు తోసిపుచ్చాడని ముందు చెప్పి, ఆ తర్వాతే స్నేహితుల్ని అడిగాడంటుంది కథ. అంటే అడగకముందే మనసులో నిర్ణయమైపోయింది. ఆ తర్వాత అతడు వెతికింది తలూపేవాళ్ల కోసం. సలహాదారులు లేక చెడిన రాజ్యాలకన్నా ఇలా చెడినవే ఎక్కువేమో.

మరి మంచి సలహాదారుణ్ని ఎలా పోల్చుకోవాలి? నిర్గమకాండంలో మోషే మామ యిత్రో ఓ కొలబద్ద ఇచ్చాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఒక్కడే కూర్చుని తగవులు తీరుస్తున్న అల్లుణ్ని చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టుకోమన్నాడు. వాళ్లు సమర్థులై ఉండాలి, దైవభీతి ఉండాలి, నమ్మదగినవాళ్లు కావాలి, లంచాన్ని అసహ్యించుకోవాలి. యిత్రో మిద్యాను యాజకుడు, బయటివాడు. మామ మాట వినే అల్లుళ్లు అరుదంటారు గానీ, మోషే విన్నాడు. నాలుగు గుణాల్లో మొదటి మూడూ మనిషి లోపలివి, నటించనూ వచ్చు. నాలుగోది మాత్రం ఊరందరికీ తెలిసిపోతుంది. ఎవరు ఏ పనికి చెయ్యి చాచారో బజారుకు తెలియకుండా ఉండదు.

ఈ నాలుగో గుణం విలువేమిటో గోల్కొండ కథే చెబుతుంది. చివరి సుల్తాను తానాషా నమ్మిన మంత్రి మాదన్నను, ఆయన సోదరుడు అక్కన్నను 1686లో చంపేశారు. మరుసటేడు ఔరంగజేబు సైన్యానికి కోట తలుపు తెరిచింది లంచం పుచ్చుకున్న అబ్దుల్లా ఖాన్ పనీ. అదే కోటలో మొగలులు ఎంత ఆశపెట్టినా లొంగని అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలై కూలిపోయేదాకా పోరాడాడు. ఇద్దరూ ఒకే సుల్తాను ఉప్పు తిన్నవాళ్లే.

ఇప్పుడు రాజులు లేరు, సలహా అవసరం మాత్రం పోలేదు. తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలంది: యువతకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి. రెహబాము అడిగిన రెండు వర్గాలూ ఇందులో ఉన్నాయి, అతడు అడగని ఆడవాళ్లూ ఉన్నారు. ఏర్పాటు మంచిదే. కానీ పేర్లు రాసేది ఎవరు? కౌన్సిలరు తన వెంట తిరిగేవాళ్లతో జాబితా నింపితే ఆ నాలుగు కమిటీలూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఇబ్రహీంపట్నం వైపు ప్లాట్లుగా మారని పొలం వెతుక్కోవాల్సి వస్తోంది. చెరువు శిఖం మీదా, నాలా మీదా కన్నున్నవాడు సలహా కుర్చీలో కూర్చుంటే ఏ సలహా ఇస్తాడో చెప్పనక్కర్లేదు.

అందుకే ఇబ్రహీంపట్నం పాలకులకూ, చుట్టుపక్కల సర్పంచులకూ ఒక విన్నపం. కమిటీల పేర్లు ఖరారు చేసేముందు ఆ జాబితాను గుడి దగ్గరా, మసీదు దగ్గరా, చర్చి దగ్గరా, బస్టాండులోనూ అంటించండి. వారం రోజులు జనం మాట వినండి. యిత్రో చెప్పిన నాలుగో గుణం ఎవరిలో లేదో జనమే చెబుతారు.