ప్రాథమికోన్నత విద్య – కోనసీమ

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో మన పిల్లలు నేర్చుకొనుచున్నదేమి? అమలాపురమునందైనను, రాజోలునందైనను, కొత్తపేటయందైనను ప్రత్యుత్తర మొక్కటియే: తెలుగు, హిందీ, ఆంగ్లము, గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము. ఆరవ తరగతిలో హిందీ వచ్చి చేరును. ఎనిమిదవ తరగతిలో విజ్ఞానశాస్త్రము భౌతికమనియు, జీవసంబంధమనియు రెండుగా చీలును. పట్టిక ముచ్చటగనే యున్నది. కాని గంట మ్రోగినంతనే ఒక పుస్తకము మూసి వేఱొకటి తెఱచు బాలునకు, వీని నడుమ చుట్టరికము కలదని చెప్పువారు అరుదు.

ఒక నిదర్శనము చూడుడు. గోదావరి పొంగినపుడెల్ల ధవళేశ్వరపు నీటిమట్టము ఇంటింటను చర్చకు వచ్చును. 11.75 అడుగులకు మొదటి ప్రమాదసూచిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మొదటి హెచ్చరికనాటికి సముద్రమునకు పోవు నీరు సుమారు 10 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కనగా సెకనునకు ఒక ఘనపుటడుగు. ఘనపుటడుగనగా 28 లీటర్ల పైచిల్లర. సెకను కాలములో రెండుకోట్ల ఎనుబది లక్షల లీటర్లకు మించిన జలము మన లంకల ప్రక్కగా పరుగెత్తుచున్నదన్నమాట. ఎనిమిదవ తరగతిలో ఘనపరిమాణములు చదివిన బాలుడు ఈ గుణకారము చేయలేడా? చేయగలడు, చేయుమని యడుగుట లేదు. అతని లెక్కలో నీళ్లతొట్టియే నిండుచు నెండుచుండును. 2018 జులైలో పశువుల్లంకకడ పడవ తలక్రిందులై, బడినుండి మరలు బాలికలు గౌతమిలో మునిగిన ఘోరమును ఈ సీమ మఱవలేదు. ఆ దోషము పిల్లలది కాదు, పెద్దలది. నదిని చదువులో భాగముగా నెన్నడు నెంచని పెద్దలది.

గన్నవరపు అక్విడక్టు సంగతియు నట్టిదే. 1847లో ఆరంభమైన కాటన్ దొర ఆనకట్ట పేరు సాంఘికశాస్త్రము చదువు బిడ్డలెఱుగుదురు. దాని వెనువెంటనే వైనతేయముమీద 49 కమానులు కట్టి, కాలువనీటిని ఆవలియొడ్డునకు దాటించిరి. 2000 సంవత్సరమున దానిచెంత లేచిన క్రొత్త కట్టడమునకు అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. కమాను భారమును మోయు విధము భౌతికశాస్త్రము. నీరు దాటిన పిదప మారిన పంట భూగోళము. సీతమ్మగారి కథ తెలుగు వాచకము. పరప్రభుత్వము మనకు కాలువలు త్రవ్వించినది దయచేతనా, శిస్తుమీది యాశచేతనా యను విచారణ చరిత్ర.

ఈ తలంపు నేటిది కాదు. 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని యాజమాన్యమున జరిగిన విద్యాసభయు, తదుపరి జాకీర్ హుస్సేను సంఘమును, చేతిపని, ప్రకృతి, సంఘము అను మూడింటితో సకల విషయములను ముడివేయుడని చెప్పినవి. స్వరాజ్యము వచ్చిన కొలదికాలమునకే రాట్నము బడిమూలకు చేరినది. కారణమును దాపరికము లేక చెప్పవలెను. కలిగినవారు చేతిపనిని పేదబిడ్డల చదువుగా నెంచి, తమవారిని దానికి దవ్వుగా నుంచిరి. 2020 జాతీయ విద్యావిధానము, ఆరు మొదలు ఎనిమిదివఱకు గల కాలములో విద్యార్థులు పది దినములు సంచి లేక స్థానిక వృత్తికారులకడ నేర్వవలెనన్నది. మూడేండ్లకు పది దినములు! అంబాజీపేట కొబ్బరిసంతకును, తెల్లదోమకు విరుగుడు వెదకిన యచ్చటి ఉద్యాన పరిశోధనస్థానమునకును, బండారులంక మగ్గములకును, ఆత్రేయపురపు పూతరేకుల పొయ్యిలకును ఆ పది దినములే పంచి పెట్టవలెను కాబోలు.

భాషనుగుఱించియు నొకమాట. 2019 నవంబరులో రాష్ట్రప్రభుత్వము ఆంగ్లమాధ్యమమునకు ఉత్తరువిచ్చినది. 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసినది. పిదప ఒక పుట తెలుగు, ఎదుటిపుట ఆంగ్లముగా పుస్తకములు వచ్చినవి. ఆంగ్లము వలదని మేమనము. అది నేర్చిననే పాలికాపు బిడ్డకును పట్టణపు తలుపులు తెఱచుకొనును. కాని "కిరణజన్య సంయోగక్రియ" యని కంఠస్థము చేసిన బాలిక, కొబ్బరాకు పచ్చదనమునకును దానికిని గల పొత్తు చెప్పలేనిచో, ఏ మాధ్యమమైన నేమి? గ్రాంథికమునకు కొమ్ముకాసిన జయంతి రామయ్యపంతులుగారు మన ముక్తేశ్వరమువారే. ఆ బాటను వ్రాయు మేమును ఏడవ తరగతి శాస్త్రపాఠమునకు ఈ భాష తగదనియే చెప్పుదుము.

ఇది చదువు ఆసాములలో పెక్కుమంది బిడ్డలు ప్రైవేటుబడి బస్సెక్కుచున్నారు. తమ కౌలుదార్ల, కూలీల బిడ్డలే ప్రభుత్వపాఠశాలలో నున్నారు. అయినను నష్టము ఇరువురిదియు. 2011 ఖరీఫులో సాగు గిట్టుబాటు కాదని పంటవిరామము ప్రకటించిన సీమ యిది. ఎకరమునకు పెట్టుబడి యెంత, మద్దతుధర యెంత, కౌలు పోగా మిగిలినదెంత? శాతములు నేర్చిన ఏ బాలుడైనను వేయదగిన లెక్కయే. ఆ లెక్కలో కౌలు పద్దు ఆసామికి ఇంపుగా నుండకపోవచ్చును. అందుకని దానిని బడికి దూరముగా నుంచుట న్యాయము కాదు. విద్యాహక్కు చట్టముననుసరించి యేర్పడు పాఠశాల యాజమాన్యసంఘములలో మూడువంతులు తలిదండ్రులే యుందురు. ఈ కోరిక వారినుండియే రావలెను. తోటలను, కళ్లములను పిల్లలకు చూపుట ఆసాముల వంతు. వరదకాలమున ధవళేశ్వరపు మట్టమును ప్రతిదినమును బడిగోడమీద పిల్లలచేత వ్రాయించుటకు మాత్రము ఏ ప్రధానోపాధ్యాయుడును పై యుత్తరువుకై వేచియుండ నక్కఱలేదు.