ఐరోపా సరిహద్దుల్లో డిజిటల్ తనిఖీలు - మన ప్రయాణికుల సంసిద్ధత

ప్రత్యేక వ్యాసం

పాస్‌పోర్టుపై పడే రబ్బరు ముద్ర ఇంతకాలం విదేశీ ప్రయాణానికి సాక్ష్యంగా నిలిచింది. ఐరోపాలోని షెంగెన్ ప్రాంతానికి స్వల్పకాలిక వీసాపై వెళ్ళేవారి విషయంలో ఆ సాక్ష్యం ఇప్పుడు కాగితం నుండి కంప్యూటరుకు మారుతున్నది. యూరోపియన్ యూనియన్ 2017 నవంబరులో ఆమోదించిన నిబంధన మేరకు రూపొందిన ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్, అనగా ఇ.ఇ.ఎస్., 2025 అక్టోబరు 12న దశలవారీగా ప్రారంభమయింది. 29 దేశాల బయటి సరిహద్దులన్నింటికీ దీనిని విస్తరించడానికి 2026 ఏప్రిల్ 10 గడువుగా నిర్ణయించబడింది. ఐర్లండ్, సైప్రస్ దేశాలు ఇందులో లేవు.

ఈ వ్యవస్థ కారణంగా భారతీయ ప్రయాణికుడు కొత్తగా సమర్పించవలసిన దరఖాస్తు గాని, చెల్లించవలసిన రుసుము గాని లేదు. షెంగెన్ వీసా యథాతథంగా అవసరం. వీసా దరఖాస్తు సమయంలో ఇచ్చిన వేలిముద్రలు అక్కడి వీసా సమాచార వ్యవస్థలో ఉంటాయి కనుక సరిహద్దులో వాటిని సరిపోల్చి, ముఖచిత్రాన్ని నమోదు చేస్తారు. త్వరలో అమలు కానున్నదని తరచు వార్తలలో వస్తున్న ఎటియాస్ అనే 20 యూరోల ముందస్తు ప్రయాణ అనుమతి వేరు. అది వీసా అవసరం లేని దేశాల పౌరులకు మాత్రమే. అమెరికా పౌరసత్వం పొందిన మన వారికి అది వర్తిస్తుంది. భారతీయ పాస్‌పోర్టు గలవారికి వర్తించదు. ఈ రెండింటినీ కలగలిపి వార్తలు రాయడం వలన దళారులకు అవకాశం కల్పించినట్లవుతుందని పాత్రికేయ మిత్రులు గమనించగలరు.

అసలు మార్పు రోజుల లెక్కలో ఉన్నది. ఏ 180 రోజుల కాలంలోనైనా 90 రోజులకు మించి ఉండరాదన్న నియమం కొత్తది కాదు. అయితే ఇదివరలో అధికారి పుటలు తిరగేసి, అలికిపోయిన ముద్రల మధ్య తేదీలు వెదుక్కొని లెక్కించేవాడు. ఇకమీదట యంత్రమే లెక్కిస్తుంది. ఒక్క రోజు మించినా పేరు జాబితాకు ఎక్కుతుంది. పైగా, మూడేళ్ళలో రెండు వీసాలు సక్రమంగా వినియోగించుకొన్న భారతీయులకు రెండేళ్ళ బహుళ ప్రవేశ వీసాలు ఇచ్చే విధానం 2024 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. వీసా రెండేళ్ళదైతే రెండేళ్ళూ ఉండవచ్చునన్న అపోహ ఇక్కడే పుడుతున్నది.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కుమారుని వద్దకు వెళ్ళిన తల్లిదండ్రులను ఉదాహరణగా తీసుకొందాం. వారు మే 1న దిగి జూన్ 29న బయలుదేరితే, వచ్చిన రోజు, వెళ్ళిన రోజు కలిపి 60 రోజులు. మనుమరాలి పుట్టినరోజుకని తిరిగి సెప్టెంబరు 1న వెళితే వారికి మిగిలినది 30 రోజులే. సెప్టెంబరు 30న బయలుదేరవలసిందే; అక్టోబరు 1 వారికి 91వ రోజు. మధ్యలో రెండు నెలలు స్వదేశంలో ఉన్నాము గదా అన్న సమాధానం చెల్లదు. ఏ రోజుకారోజు వెనుకకు 180 రోజులు చూడటమే పద్ధతి. వీసాపై అంతకంటే తక్కువ రోజులు ముద్రించి ఉంటే ఆ సంఖ్యే ప్రమాణం.

దీర్ఘకాలిక వీసా లేక నివాస అనుమతి పత్రం గల విద్యార్థులకు, ఉద్యోగులకు ఇ.ఇ.ఎస్. వర్తించదు. అయితే ఆ పత్రం చేతిలో ఉండాలి. పెట్టెలో వేసి సామానుతో పంపించిన తరువాత కౌంటరు వద్ద వాదించి ప్రయోజనం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి మాడ్రిడ్ వెళ్ళేవారికి తనిఖీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది కాబట్టి రెండు విమానాల మధ్య తగినంత వ్యవధి ఉంచుకోవడం అవసరం.

బ్రిటన్ పద్ధతి వేరు. అక్కడ నివాస కార్డుల గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది. 2025 జులై 15 నుండి చాలా మంది విద్యార్థులకు పాస్‌పోర్టుపై వీసా అతికించడం లేదు. అది ఆన్‌లైన్ ఖాతాలోనే ఉంటుంది. పాస్‌పోర్టు మార్చుకొన్నవారు కొత్త సంఖ్యను ఆ ఖాతాలో నమోదు చేయకపోతే విమానం ఎక్కే దశలోనే చిక్కు ఎదురు కాగలదు. అమెరికా సైతం 2025 డిసెంబరు 26 నుండి రాకపోకలు రెండింటిలోనూ విదేశీయుల ఛాయాచిత్రాలు తీసే నిబంధనను అమలులోకి తెచ్చింది. 14 ఏళ్ళ లోపు పిల్లలకు, 79 ఏళ్ళు దాటిన వృద్ధులకు ఉన్న మినహాయింపు తొలగింది.

మన పేర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరుసలో పేరుకు దక్కేది 39 స్థానాలు మాత్రమే. ఇంటిపేరు, తాతగారి పేరు, ఇలవేల్పు పేరు అన్నీ కలిసిన మన పేర్లు అందులో ఇమడకపోవడం కద్దు. టిక్కెట్టుపై పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్నా ఇబ్బందే. ఒకే పేరు గల పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని 2022లో యు.ఎ.ఇ. ప్రకటించిన సంగతి విదితమే. దరఖాస్తు దశలోనే ఇంటిపేరు గడిని ఖాళీగా వదలకుండా చూడటం సులువైన పని. తరువాత సవరించుకోవడం శ్రమతో కూడినది.

హైదరాబాద్ విమానాశ్రయంలో 2025 జనవరి 16 నుండి అందుబాటులోకి వచ్చిన సత్వర ఇమ్మిగ్రేషన్ పథకం ఉచితం, ఉపయోగకరం. కాని అది మన వైపు వరుసను తగ్గిస్తుందే తప్ప విదేశీ కౌంటరులో దానికి విలువ లేదు.

గడువు మించి ఉన్నారన్న నమోదుపై జిల్లాలలో అర్జీలు వచ్చినపుడు అధికారులు ముందుగా బోర్డింగ్ పాసు, వైద్య ధ్రువపత్రాలు ఉన్నవేమో విచారించాలి. నిష్క్రమణ నమోదు కానివారి వివరాలు ఆ వ్యవస్థలో అయిదేళ్ళు, తక్కిన వారివి మూడేళ్ళు నిలువ ఉంటాయి. తప్పు నమోదును సరిచేయమని కోరే హక్కు ప్రయాణికునికి ఉన్నది. ఆకస్మిక అనారోగ్యం వంటి కారణాలతో ఆగిపోయినవారు కూడా ఆధారాలు చూపి సవరణ కోరవచ్చును. ఆ అర్జీని సంబంధిత ఐరోపా దేశపు అధికారులకే పెట్టుకోవలసి ఉంటుంది.