కూలోళ్లు లేక కాదు, వచ్చే దారి లేక



మనం ఏ ఇద్దరు కలిసినా "కూలోళ్లు దొరకరప్పా" అనేదే మాట. నేనూ అదే అంటా వచ్చినాను. ఇప్పుడు అనను. మా చింతామణి తాలూకాలో పనికి వచ్చే ఆడోళ్లు ఉండారు. పది పన్నెండు కిలోమీటర్ల దూరం ఊళ్లలో ఉండారు. పొద్దున్నే మన తోటకు చేరే దారే వాళ్లకు లేదు.

నాలుగో జ్వరం లేచినాక పురుగు ఎంత తింటుందో మీకు తెలుసు. పంట మొత్తం ఆకులో నూటికి 80 పాళ్లు ఆ చివరి వారంలోనే పోతుంది. ఎండ ఎక్కక ముందే కొమ్మ కోయాల. 2023 జూన్ నుంచి కర్ణాటక సర్కారు బస్సుల్లో ఆడోళ్లకు టికెట్ లేదు, మంచిదే. కానీ మా దారిలో మొదటి బస్సు వచ్చేది ఎనిమిదిన్నరకు.

అందుకే గూడ్స్ ఆటో. పోయిన మాఘంలో 14 మందిని ఒకే ఆటోలో నిలబెట్టి పిలిపించింది నేనే. చెరువు కట్ట మలుపులో అది పక్కకు పడింది. ఒక అక్కకు చెయ్యి విరిగింది. సామాన్ల బండిలో మనుషులను ఎక్కిస్తే ఇన్సూరెన్సు ఆదుకోదని అప్పుడు తెలిసింది. ఆస్పత్రి ఖర్చు నేను పెట్టినాను. ఆమె మూడు నెలలు పోగొట్టుకున్న కూలి ఎవరిచ్చేది?

గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకు తోలే బాడిగ లెక్క రాస్తాం. మనిషిని తెచ్చే బాడిగ ఎందుకు రాయం? అదీ పంట ఖర్చే.

ఇంకో తప్పు కూడా మనదే. అందరం ఒకే దినం చాకి పురుగులు తెస్తాం. అందరికీ ఒకే వారం కోత, ఒకే దినం చంద్రికలకు ఎక్కించేది. ఉండే 15 మంది కోసం కొట్లాడతాం. నలుగురు రైతులు వారం వారం తేడాతో చాకి తెచ్చుకుంటే అదే గుంపు నెలంతా నాలుగు తోటలూ చూస్తుంది. సీట్లుండే మ్యాక్సీ క్యాబ్ నెల బాడిగకు మాట్లాడి నలుగురూ పంచుకోవచ్చు. ఆ దుడ్డు కూలిలో పట్టుకోకూడదు.

ఖర్చు ఎక్కువంటారు. చివరి వారంలో మేత తప్పితే గూడు పలచనైపోయే నష్టంతో పోల్చి చూడండి.

దీంతోపాటు మొదటి బస్సు ఆరున్నరకే వేయమని డిపోకు అర్జీ ఇద్దాం. కూలికి పోయే అక్కల సంతకాలు కూడా ఉండాల.

వచ్చే పంటకు ముగ్గురం ఒప్పుకున్నాం. నాలుగో మనిషి కావాల. చాకికి చెప్పక ముందే ఫోన్ చేయండి.