విత్తనానికి వదిలిన పాటలు

ఫ్రెంచి ఆపెరాల గురించి ఒక బి.యస్సీ. విద్యార్థి, అందులోనూ సేద్యం చేసుకునే ఇంటి నుంచి వచ్చినవాడు వ్యాసం రాయడమేమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. కాని ముందు ఒక్క సంగతి వినండి. 1766లో పారిస్ ఆపెరా రంగస్థలం మీద ‘గోల్కొండ రాణి అలీన్’ అనే సంగీత నాటకం ఆడారు. మోన్సిన్యీ అనే ఆయన దానికి సంగీతం కూర్చాడు. ఒక ఫ్రెంచి పల్లెపడుచు మన గోల్కొండకు రాణి అయిన కథ అది. 1803లో బెర్టన్ అనే మరొకాయన అదే కథకు మళ్లీ సంగీతం కట్టాడు. మన కోట పేరు రెండున్నర శతాబ్దాల కిందటే అంత దూరాన పాటలోకి ఎక్కిందన్నమాట. ఆదివారం పూట కోట ఎక్కి దిగే మనలో ఈ సంగతి ఎందరికి తెలుసు? పారిస్‌లో మాత్రం ఇవాళ ఎందరికి గుర్తుంది?

ఆపెరా అంటే మోటుగా చెప్పాలంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం. కథంతా పాటలోనే నడుస్తుంది. ముందు పెద్ద వాద్యబృందం, వెనక కోరస్, మధ్యలో నాట్యం. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో ఐదేసి అంకాల ఆపెరాలు ఆడేవారు. వాటిని ఇవాళ మళ్లీ ఆడాలంటే డబ్బు మంచినీళ్లలా ఖర్చవుతుంది. ఆ గొంతులు, ఆ పద్ధతి తెలిసిన గాయకులు దొరకాలి. అందుకే థియేటర్ల వాళ్లు జనం ఎలాగూ వస్తారని నమ్మకమున్న ‘కార్మెన్’, ‘ఫౌస్ట్’ వంటివి ఆడి, మిగతావాటిని అటక మీదికి ఎక్కిస్తారు. స్వరాలు రాసిన పుస్తకం గ్రంథాలయంలో భద్రంగానే ఉంటుంది. కాని పుస్తకంలో ఉన్నది పాట కాదు గదా! వంటల పుస్తకం చదివితే ఎవరి కడుపు నిండుతుంది?

ఒక్క ఉదాహరణ చాలు. మేయర్‌బేర్ రాసిన ‘లే యుగెనో’ 1836లో పారిస్‌లో మొదటిసారి ఆడింది. 1906 నాటికి అదే పారిస్ ఆపెరాలో వెయ్యో ప్రదర్శన జరుపుకుంది. 1936 తర్వాత అక్కడ దాని ఊసే లేదు. మళ్లీ 2018లోనే అక్కడి రంగస్థలం ఎక్కింది. వెయ్యిసార్లకు పైగా ఆడిన నాటకం సొంత ఇంట్లో ఎనభై రెండేళ్లు మూగబోయింది! ఇంత పేరున్నదాని గతే ఇలా ఉంటే, పదిసార్లు ఆడి ఆగిపోయినవాటి సంగతి చెప్పేదేముంది?

మరి ఈ ఎనభై రెండేళ్లూ దానిని ఎవరు బతికించారు? ఇతర దేశాల్లో అక్కడొకసారి ఇక్కడొకసారి ఆడారు. 1962లో మిలాన్‌లోని లా స్కాలాలో జోన్ సదర్లాండ్, ఫ్రాంకో కొరెల్లి వంటి హేమాహేమీలు దానిని ఇటాలియన్ భాషలో పాడారు. ఆ రాత్రి పాట టేపు మీదికి ఎక్కింది. అది అభిమానుల చేతుల్లో ఏళ్ల తరబడి తిరిగింది. తర్వాత తర్వాత కంపెనీలు దానినే సి.డి.లుగా వేసి అమ్ముకున్నాయి. ముందు దాచినవాడు అభిమాని, తర్వాత అమ్మినది కంపెనీ. ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

ఇది నిన్న మొన్న మొదలైన పని కాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో లయొనెల్ మేపుల్‌సన్ అని ఒక లైబ్రేరియన్ ఉండేవాడు. 1901, 1903 మధ్య ఆయన ఎడిసన్ యంత్రాన్ని అక్కడ పెట్టి, ఆడుతున్న ఆపెరాల్లోంచి ముక్కలు ముక్కలుగా మైనపు సిలిండర్ల మీద పట్టాడు. ఒక్కో ముక్క రెండు నిమిషాలుంటే గొప్ప. గరగర శబ్దం వెనక ఎక్కడో దూరాన గొంతు వినిపిస్తుంది. అయితేనేం? ఆ రోజుల్లో జగత్ప్రసిద్ధుడైన జాన్ ద రెష్కె గొంతు ఇవాళ వినిపించేది ఆ సిలిండర్లలోనే. ఆయన పాడుతున్నవాటిలో ‘లాఫ్రికేన్’ వంటి ఫ్రెంచి ఆపెరాలూ ఉన్నాయి. ఆ లైబ్రేరియన్ సరదాకు చేసిన పనిని ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ కళ్లకద్దుకుని దాచుకుంటోంది.

తర్వాత రేడియో వచ్చింది, టేపు రికార్డరు వచ్చింది. రేడియోలో ఎన్నడూ వినని ఆపెరా వస్తోందంటే అభిమానులు గడియారం చూసుకుంటూ కూర్చుని రీళ్ల మీద పట్టేవారు. తమ దగ్గర ఉన్నవాటి జాబితా టైపు చేసి మరో ఊళ్లో అభిమానికి పంపితే, ఆయన తన జాబితా పంపేవాడు. నాది నీకు, నీది నాకు. ఎడ్వర్డ్ స్మిత్ అనే అమెరికన్ 1956 నుంచి 1971 దాకా ఇలాంటి ప్రసారాలనూ పాత రికార్డులనూ ఎల్.పి.లుగా వేయించి, తపాలాలో చందాదారులకు పంపేవాడు.  ఆ తర్వాత కేసెట్లు వచ్చాయి, సి.డి.లు వచ్చాయి. ఇప్పుడు నాబోటివాడు హాస్టలు గదిలో ఫోను చెవికి పెట్టుకుని, డెబ్బై ఏళ్ల కిందటి ఫ్రెంచి రేడియో ప్రసారం వినగలుగుతున్నాడు.

మా నాయనమ్మ బీరపాదులో మొదటి మంచి కాయను కోయనివ్వదు. అది విత్తనానికి వదిలిన కాయ. ఎండాక వంటింటి చూరుకు వేలాడదీస్తుంది. విత్తనాలు తీసినప్పుడు మాత్రం అన్నీ తన దగ్గరే ఉంచుకోదు. వీధిలో నాలుగిళ్లకు పంచుతుంది. ఎందుకంటే, “మన పాదు పురుగు పట్టి పోతే వాళ్లింట్లో ఉంటుంది కదరా” అంటుంది. మన విత్తనానికి అన్నింటికన్నా భద్రమైన చోటు పక్కవాడి ఇల్లు. ఈ ఆపెరా అభిమానులు చేసిందీ అదే. ఒక్కచోటే ఉన్న టేపు నిప్పు అంటుకున్నా పోతుంది, చెమ్మ చేరినా పోతుంది, వారసుడు చెత్తబుట్టలో వేసినా పోతుంది. పది ఊళ్లలో పది మంది దగ్గర ఉన్న పాట అంత తేలికగా చావదు.

“ఇదంతా దొంగతనమే గదా, దానికి ఇంత కవిత్వం దేనికి?” అని లెక్చరర్లు కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాడినవాడికి, వాయించినవాడికి, ఖర్చుపెట్టి ప్రసారం చేసినవాడికి హక్కులుంటాయి. మన దేశంలోనే రికార్డు విడుదలైన తర్వాత అరవై ఏళ్లు, రేడియో ప్రసారానికి ఇరవై ఐదేళ్లు చట్టం రక్షణ ఇస్తోంది. కాని చట్టాల్లో ఒక చిత్రం చూడండి. 1957 నాటి మన కాపీరైటు చట్టంలో 39వ సెక్షను, ఎవరైనా తన స్వంత వినియోగానికి గాని, బోధనకూ పరిశోధనకూ గాని ప్రసారాన్ని రికార్డు చేసుకుంటే తప్పు కాదంటుంది. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో కూడా రైతు హక్కులు చెప్పేది 39వ సెక్షనే! అందులో ఏముంది? రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు వేసి మాత్రం అమ్మరాదు.

నా అభిప్రాయం ఈ రెండు సెక్షన్ల మధ్యనే ఉంది. పాటల చట్టం దాచుకోమంటుంది గాని పంచుకోమనదు. విత్తనాల చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, పంచుకోవడం కూడా హక్కేనంది. వంగడం తయారుచేసినవాడి హక్కు కాపాడుతూనే రైతు చేతికి విత్తనం వదిలినప్పుడు, బజారులో దొరకని, ఎవరూ ఆడని పాటల విషయంలో ఆపాటి వెసులుబాటు ఎందుకు ఉండకూడదు? సంగీతం రాసినవాళ్లు పోయి వందేళ్లయింది. కంపెనీ దానిని అమ్మడం లేదు, థియేటరు ఆడడం లేదు. అమ్మనివాడు, పెట్టనివాడు తాళం మాత్రం తీయనంటే ఎలా?

అయితే అభిమానులకూ కొన్ని కట్టుబాట్లు ఉండాలి. మొదటిది: అంగట్లో దొరికేదాన్ని కొనుక్కోవాలి. అరుదైన ఆపెరాలను ధైర్యం చేసి రికార్డు చేసే చిన్న సంస్థలు కొద్దిమంది కొనేవాళ్ల మీద ఆధారపడి ఉంటాయి. వెనిస్‌లో 2009లో మొదలైన పలాజెట్టో బ్రూ జానె అనే సంస్థ మరుగునపడ్డ ఫ్రెంచి ఆపెరాలను వెదికి పట్టి, ఆడించి, పుస్తకంతో సహా సి.డి.లు వేస్తోంది. వాళ్ల కష్టాన్ని ఉచితంగా పంచేవాడు అభిమాని కాడు, పంటలో పడ్డ పశువు. రెండవది: లాభానికి అమ్మరాదు. మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: పేరు, తేదీ, ఊరు సరిగా రాయాలి.

ఈ మూడవ విషయంలో స్మిత్‌గారి రికార్డులకు చెడ్డపేరే ఉంది. తేదీలు తప్పు, కొన్నిచోట్ల గాయకుల పేర్లే తప్పు, వేగం కూడా తప్పు. వేగం తప్పితే ఏమవుతుందో ఫిజిక్సు మిత్రులకు చెప్పనక్కరలేదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసినది 35⅓ తిరిగితే, అంటే నూటికి ఆరు పాళ్లు పెరిగితే, స్వరం ఒక అర మెట్టు పైకి పోతుంది. విన్నవాడు ఆ గాయకుడి గొంతే అంత అనుకుంటాడు. ఇక టేపు నుంచి టేపుకు ఎత్తిన ప్రతిసారీ హోరు పెరుగుతుంది. డిజిటల్ కాపీలో ఈ రెండో బాధ తప్పింది గాని, తప్పు చీటీ మాత్రం వెయ్యి కాపీల్లోనూ తప్పుగానే ఉంటుంది. సంచి మీద ఒక వంగడం పేరు, లోపల ఇంకొకటి ఉంటే రైతుకు ఏడాది కష్టం పోతుంది. పాటకైనా అంతే.

“సరే, ఇన్ని పాట్లు పడి వింటే మనకు ఒరిగేదేమిటి?” అంటారా? మాసెనె రాసిన ‘లాహోరు రాజు’ వినండి. 1877లో పారిస్‌లో మొదలై, కొంతకాలం వెలిగి, మరుగున పడింది. నూరేళ్లకు 1977లో కెనడాలోని వాంకూవర్‌లో ఆడారు. 1979లో పూర్తిగా రికార్డు చేశారు. అందులో యుద్ధంలో చచ్చిన రాజు ఇంద్రుడి స్వర్గానికి పోతాడు. అప్సరసలు ఆడుతుంటారు. అయినా అతనికి అక్కడ మనసు నిలవదు. సీత అనే ప్రియురాలి కోసం భూమికి పంపమని దేవేంద్రుణ్ణి వేడుకుంటాడు. రాజుగా కాదు, సామాన్యుడిగా అయితే పొమ్మంటాడు ఇంద్రుడు. నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. ఆ వేడుకోలు మాత్రం అర్థమయింది. స్వర్గంలో ‘హిందూ రాగం’ అని పేరు పెట్టి ఒక వేణువు పాట వాయిస్తారు. అది మన చెవికి మన పాటలా వినిపించదు. పరాయివాడు మనల్ని ఎలా ఊహించుకున్నాడో తెలియడం కూడా ఒక చదువే గదా! రూసెల్ అనే ఆయన 1909లో మన దేశం వచ్చి, చిత్తోడు చూసి, తర్వాత ‘పద్మావతి’ రాశాడు. 1923లో పారిస్‌లో ఆడారు. 2008లో అక్కడి షాట్లే థియేటరులో దానిని ఆడించినది మన సంజయ్ లీలా భన్సాలీ.

ప్రభుత్వ రేడియోలు కూడా ఒకటి ఆలోచించాలి. రామో 1763లో రాసిన ‘లే బొరేయాద్’ ఆయన బతికుండగా రంగస్థలం ఎక్కలేదు. ఆయన పోయిన రెండు వందల ఏళ్లకు, 1964లో, ఫ్రెంచి రేడియో అందులో భాగాలు ప్రసారం చేసింది. 1982లో గాని ఎక్సాన్ ప్రొవాన్స్‌లో వేదిక మీదికి రాలేదు. థియేటరు చేయలేని పని రేడియో చేసింది. ప్రజల డబ్బుతో అంత పని చేసిన రేడియోలు ఆ టేపులను బీరువాల్లో పెట్టి తాళం వేసుకుంటే, గాదె నిండా గింజలుండి ఊరంతా పస్తున్నట్టే. తలుపు తీయండి; అభిమాని గోడ దూకే అవసరమే ఉండదు.

మిత్రులారా, మన ఊళ్లలో పద్యనాటకాలు పాడిన పెద్దల గొంతులు ఇళ్లల్లో పాత కేసెట్ల మీద ఇంకా ఉన్నాయి. వాటికీ ఫంగసు పడుతోంది. మన కాలేజీ యూనియన్ ఈ సంవత్సరం ఒక కంప్యూటరు, ఒక పాత టేపు రికార్డరు, లైబ్రరీలో ఒక బల్ల ఏర్పాటు చేస్తే, సెలవులకు ఇంటికి వెళ్లే ప్రతి విద్యార్థీ ఒక్కో కేసెట్టు తేగలడు. పాడినదెవరు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం అన్నది చీటీ మీద రాయించుకుని, వాళ్ల అనుమతితో కాపీ తీద్దాం. ఒక కాపీ మనకు, ఒకటి వాళ్లకు, ఒకటి మరో కాలేజీకి. వచ్చే జనరల్ బాడీ సమావేశంలో ఈ తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను. బలపరచడానికి ఒక్కరు లేస్తే చాలు.