పన్నెండు వేల తొట్టిమంచం, ఈతపుల్లల బుట్ట

కిందటేడు వానల్లో ఒక సాయంత్రం మా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. యానాది కుర్రాడు, మా దగ్గర ఐదో తరగతి దాకా చదివాడు. ఇప్పుడు కృత్తివెన్ను మండలంలోనే ఒక రొయ్యల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. భార్యకు నెలలు నిండాయి. "మాస్టారూ, ఫోన్లో ఒక బొమ్మ పంపాను, చూసి చెప్పండి" అన్నాడు. చూశాం. పెద్దవాళ్ళ మంచానికి ఆనించి తగిలించే పిల్లల తొట్టిమంచం. తెల్లటి వల, చక్రాలు, కింద సామాను పెట్టుకునే అర. ధర పన్నెండు వేలు. "చెరువు ఆసామి అడ్వాన్సు ఇస్తానన్నాడు. బిడ్డ కంటే డబ్బు ఎక్కువా మాస్టారూ?" అన్నాడు.

మేం ఒక్కటే అడిగాం. "ఒరేయ్, దీన్ని తగిలించడానికి మీ షెడ్డులో మంచం ఉందా?"

కాసేపు అవతల మాట లేదు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వులో సిగ్గు ఉంది. సిగ్గుపడాల్సింది వాడు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మేం ఎరుకల ఇంట పుట్టినవాళ్ళం. ఉప్పుటేరు ఇవతల ఈ ఊళ్ళలో ఇరవై ఏళ్ళుగా యానాది, ఎరుకల పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాం. పుట్టబోయే బిడ్డకు మంచి పడక కావాలని ఒక తండ్రి కోరుకుంటే "మీకెందుకురా ఇవన్నీ" అనే వాళ్ళ పక్కన మేం నిలబడం. ఆ కోరిక న్యాయమైనది. కానీ ఆ కోరికను అడ్డం పెట్టుకుని వాడికి అంటగడుతున్న వస్తువు సంగతి మాట్లాడుకోవాలి.

అప్పుడే పుట్టిన బిడ్డ నిద్రలో క్షేమంగా ఉండాలంటే ఏం కావాలి? వెల్లకిలా పడుకోబెట్టాలి. కింద గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, మెత్తటి పరుపు, బొంత, బొమ్మలు ఏవీ దగ్గర ఉండకూడదు. ముఖం మీదికి గుడ్డ రాకూడదు. తల్లి పడుకునే చోటే, ఆమె చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, బిడ్డకంటూ వేరే పడక ఉండాలి. బీడీ పొగ, దోమల చుట్ట పొగ, సాంబ్రాణి పొగ తగలకూడదు. తల్లిపాలు పట్టాలి. కనీసం మొదటి ఆరు నెలలు ఈ జాగ్రత్తలు తప్పవు. ఇందులో పన్నెండు వేలు పెట్టి కొనాల్సింది ఏదీ లేదు.

ధర ఎక్కువైతే రక్షణ ఎక్కువ అనుకునే వాళ్ళు అమెరికా సంగతి వినాలి. అక్కడ 1994లో "పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండి" అని దేశమంతా ప్రచారం చేశారు. ఆ తర్వాతి ఏళ్ళలో కారణం తెలియని నిద్ర మరణాలు సగానికి పైగా తగ్గాయి. తగ్గించింది ఒక మాట, వస్తువు కాదు. మరి వస్తువుల సంగతి? ఒక పక్క కిందికి జారే తొట్టిమంచాలను 2011లో నిషేధించారు. 2019లో ఒక పెద్ద కంపెనీ 47 లక్షల వాలు తొట్లను వెనక్కి తీసుకుంది. వాటిలో పసివాళ్ళు చనిపోయారు. తొట్టి చుట్టూ అందంగా కట్టే మెత్తలను కూడా 2022లో చట్టం చేసి ఆపేశారు. అన్నీ కొనగలిగిన ఆ దేశంలో ఇప్పటికీ ఏటా 3,500 మంది దాకా పసివాళ్ళు నిద్రలో పోతున్నారు.

ఇక మా కుర్రాడు చూపించిన మంచం పక్క తొట్టి. అది పనికిరాదని కాదు. ఎత్తు సరైన మంచం, గట్టి పరుపు ఉన్న ఇంట్లో, రెండింటి మధ్య వేలు దూరనంత బిగించి కడితే మంచిదే. సందు ఉంటే బిడ్డ తల అందులో ఇరుక్కుంటుంది. మరి మన నులక మంచం మధ్యలో గుంట పడి ఉంటుంది. చాప నేల మీద ఉంటుంది. వాటికి ఆ తొట్టి ఎలా అతుకుతుంది? ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కినట్టు, పైకప్పుకు దూలం లేని షెడ్డులోకి చక్రాల తొట్టి!

ఇప్పుడు మనవాళ్ళ వైపు తిరుగుదాం. "మన తాతలు చీర ఉయ్యాలలోనే పెరిగారు, ఏమైంది?" అని సభల్లో అడిగే తమ్ముళ్ళున్నారు. పెరిగిన వాళ్ళే కదా ఆ ప్రశ్న అడగగలిగేది. పోయిన వాళ్ళు సభకు రారు. మన ఇళ్ళలో "రాత్రి బాగానే ఉన్నాడు, తెల్లారేసరికి లేడు" అన్న మాట ఎంతమంది తల్లుల నోట విన్నాం? గాలి సోకిందన్నాం, దిష్టి అన్నాం. ఎవరూ రాసుకోలేదు.

చీర ఉయ్యాలను తిట్టడం మా పని కాదు. తడి నేల నుంచి, చీమల నుంచి, కుక్కల నుంచి బిడ్డను కాపాడింది అదే. పని చేసుకునే తల్లికి రెండో చెయ్యి అదే. కానీ దాని లోపం కూడా తెలియాలి. గుడ్డ జోలెలో బిడ్డ వీపు వంగుతుంది, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. మెడ నిలపలేని పసిగుడ్డుకు అలా ఆనితే ఊపిరి దారి ఇరుకవుతుంది. కొంచెం పెద్దయ్యాక దొర్లితే గుడ్డ ముఖానికి చుట్టుకుంటుంది. ఆడుకునే పిల్లలు ఖాళీ ఉయ్యాలలో మెలికలు తిప్పుకుంటే అదే మెడకు ఉరి అవుతుంది. చెరువు షెడ్డులో ఇనుప గొట్టానికి కడతారు, ఆ గొట్టం మీదుగానే మోటారు తీగ పోతుంది. కాబట్టి మేం చెప్పేది ఇది: పగలు, కళ్ళ ముందు, కాసేపు ఊరడించడానికి చీర ఉయ్యాల. బిడ్డ నిద్రపోయాక చదును పడక. రాత్రంతా ఉయ్యాల వద్దు.

ఇంకో మాట టీచర్ మిత్రులకు. ఆ ఉయ్యాల ఊపే చెయ్యి ఎవరిది? మన హాజరు పట్టీ తీసి చూడండి. చెరువు మీద ఒక బిడ్డ పుట్టిందంటే మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఒక ఆడపిల్ల పేరు పక్కన వరసగా సున్నాలు పడతాయి. అడిగితే "తమ్ముణ్ణి ఊపుతున్నా సార్" అంటుంది. ఊపాల్సిన ఉయ్యాల ఊపే మనిషిని అడుగుతుంది. ఆ మనిషి మన బడి పిల్ల. ఊపనక్కర్లేని పడక ఉన్నంత మాత్రాన ఆ పిల్ల బడికి వచ్చేస్తుందని మేం అనం. పసివాళ్ళను చూసే కేంద్రం కూడా కావాలి. కానీ సగం సాకు పోతుంది.

మరి ఏ పడక? న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల దగ్గర ఒక జవాబుంది. బిడ్డను పక్కలో వేసుకుని పడుకోవడం వాళ్ళకూ తరతరాల అలవాటే. "పక్కలో వద్దు" అని వైద్యులు ఎంత చెప్పినా ఆ మాట ఇళ్ళలోకి వెళ్ళలేదు. 2006 ప్రాంతంలో డేవిడ్ టిపెనె లీచ్ అనే మావోరీ వైద్యుడూ, అల్లిక తెలిసిన మావోరీ ఆడవాళ్ళూ కలిసి ఒక బుట్టను ముందుకు తెచ్చారు. పేరు వహకురా. నార మొక్క ఆకులతో అల్లిన చదునైన బుట్ట. తల్లి పక్కలోనే ఉంటుంది, కానీ బిడ్డ చోటు బిడ్డదే. 2011 క్రైస్ట్‌చర్చ్ భూకంపం తర్వాత అదే ఆలోచనతో ప్లాస్టిక్ పెట్టెలూ పంచారు. 2009కీ 2015కీ మధ్య ఆ దేశంలో పసిపిల్లల మరణాలు 29 శాతం తగ్గాయనీ, మావోరీలలో తగ్గుదల బాగా కనిపించిందనీ పరిశోధకులు లెక్కగట్టారు. వైద్యుడు అలవాటును వెక్కిరించలేదు. అల్లే చేతులను పిలిచాడు.

మన దగ్గర ఆ చేతులు లేవా? ఈతపుల్లల ఎరుకల అని, దబ్బ ఎరుకల అని మన కులంలో శాఖల పేర్లే అల్లిక మీద ఉన్నాయి. బందరు నుంచి బంటుమిల్లి దాకా ధాన్యం కొలిచిన గంపలు, కోళ్ళు కమ్మిన గంపలు, పెళ్ళికి సారె మోసిన బుట్టలు మన అమ్మలు అల్లినవే. బుట్టలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగినందుకు తెల్లదొరల చట్టం మనల్ని పుట్టుకతోనే దొంగలన్నది. ఆ ముద్ర 1952 దాకా చట్టంలో ఉంది, కొందరి కళ్ళలో ఇంకా ఉంది. తర్వాత ప్లాస్టిక్ టబ్బు వచ్చి గంపను మూలన పడేసింది. ఆ అల్లికకు ఇప్పుడు ఒక పని ఉంది.

మా పిన్నితో కూర్చుని కొలతలు వేశాం. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు అడుగుంబావు, గోడ జానెడు. అడుగు చదునుగా ఉండాలి, బరువు వేస్తే కుంగకూడదు. అందుకే కింద వెదురు దబ్బలు దగ్గర దగ్గరగా వేయాలి. గోడలు ఈతపుల్లలతో, గాలి ఆడేలా, కానీ బిడ్డ వేలు ఇరుక్కోనంత సన్నటి సందుతో. లోపల పుల్ల మొన ఒక్కటీ తగలకూడదు. రంగు, వార్నీషు వద్దు. వేలాడే తాళ్ళు వద్దు. పాత నూలు చీర మడతలు వేసి, రెండు వేళ్ళ మందంలో, అంచుల దాకా గట్టిగా కుట్టి పరవాలి. తలగడ వద్దు, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. తల్లి చాప పక్కనే బుట్ట, ఇద్దరి మీదా ఒకటే దోమతెర, అంచులు చాప కిందికి దోపాలి. బిడ్డ బోర్లా పడటం మొదలెట్టగానే బుట్ట తీసేయాలి. తుఫాను హెచ్చరిక వచ్చి షెల్టరుకు పోవాల్సి వస్తే బిడ్డ పడక బిడ్డతో పాటే వస్తుంది. 1977 ఉప్పెన చూసిన గడ్డ మీద ఇది చిన్న విషయం కాదు.

ఒక జాగ్రత్త. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు ముందు కావలసింది బుట్ట కాదు, తల్లి రొమ్ము వెచ్చదనం. తల్లి మెలకువగా ఉండి ఒంటికి ఒళ్ళు ఆనించి పట్టుకోవాలి. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు మన ఆస్పత్రుల్లోనూ నేర్పుతున్నారు. ఆశా అక్కను అడగండి. ఇంకొకటి మగవాళ్ళకు: తాగిన రాత్రి బిడ్డ పక్కన పడుకోకండి. ఎంత ప్రేమ ఉన్నా మత్తులో ఒళ్ళు తెలియదు.

అయితే అంతా బుట్టతో అయిపోతుందని చెబితే మేమూ ఆ తొట్టి అమ్మేవాడి లాగే అబద్ధం చెప్పినట్టే. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్న వాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. బుట్ట దాన్ని ఆపలేదు, ఎత్తు అరుగు ఆపుతుంది. చెరువు మందులు, బ్లీచింగు బస్తాలు, జనరేటరు ఉన్న షెడ్డులోనే బాలింత పడుకుంటుంటే ఏ పడకా క్షేమం కాదు. ఆ షెడ్డు కట్టించింది ఆసామి. పన్నెండు వేల అడ్వాన్సు ఇవ్వగలిగిన వాడు ఆ డబ్బుతో అరుగు పోయించలేడా? పోయించడు, ఎందుకంటే అరుగు మనిషిని కట్టిపడేయదు, అడ్వాన్సు కట్టిపడేస్తుంది. బాకీ తీరేదాకా చెరువు వదలకూడదంటే అది వెట్టి. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. బిడ్డ తొట్టి పేరు మీద ఇచ్చినా వెట్టి వెట్టే.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఉంది. ఆస్పత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. మనవాళ్ళు పుట్టింట్లో పేరు రాయించుకుని వేరే మండలం చెరువు మీదికి వెళ్ళిపోతే ఏ జాబితాలోనూ ఉండరు. చెరువు షెడ్లను కూడా జాబితాలో రాయండి. వచ్చినప్పుడు బిడ్డ బరువుతో పాటు బిడ్డ పడక కూడా చూడండి. 2016లో మన రాష్ట్రం బాలింతలకు ఎన్టీఆర్ బేబీ కిట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో దోమతెర పడక ఉండేది. అంటే బిడ్డ పడక ప్రభుత్వం బాధ్యతేనని ఒకసారి ఒప్పుకున్నట్టే. ఫిన్లాండ్ 1938లోనే పేద తల్లులకు, 1949 నుంచి అందరు తల్లులకూ సామాను నింపిన పెట్టె ఇచ్చింది, ఆ పెట్టే బిడ్డ మొదటి పడక. మనం అడిగేది కొత్తదేమీ కాదు. ఆ పడకను ఎరుకల ఆడవాళ్ళ పొదుపు సంఘాల దగ్గర కొనండి. 1956 నుంచి తేనె, చింతపండు కొంటున్న గిరిజన సహకార సంస్థ మైదాన గిరిజనుల బుట్ట ఎందుకు కొనకూడదు?

మా కుర్రాడు అడ్వాన్సు తీసుకోలేదు. పిన్ని అల్లిన బుట్టలో ఆడబిడ్డ నాలుగు నెలలు పడుకుంది. అరుగు మాత్రం ఇంకా రాలేదు. వానాకాలం మళ్ళీ వస్తోంది. బుట్టను కడిగి, ఎండబెట్టి, పక్క షెడ్డులో నెలలు నిండిన అమ్మాయికి ఇచ్చారు. చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా, మీ వాడలో అల్లిక తెలిసిన ముసలమ్మ ఒక్కరైనా ఉంటారు. ఆమె చెయ్యి ఆడుతుండగానే వెళ్ళి కూర్చోండి, కొలతలు పైన రాశాం. టీచర్లారా, వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కంటే ముందు ఈ జాగ్రత్తలు చెప్పండి. తర్వాత అందరం కలిసి అరుగు సంగతి అడుగుదాం.